అప్‌డేట్: తిరుపతి లాడ్జిలో వీక్‌డే రేటు తగ్గించాలా అని అడిగాను కదా

1800 ఉన్న రేటు సోమ నుంచి గురు దాకా 1500 చేస్తే రూములు నిండుతాయా అని అడిగా, చేసి చూశాం, నిండాయి కూడా, 55 శాతం ఉన్న ఆక్యుపెన్సీ (మొత్తం రూముల్లో నిండినవి) 68కి వచ్చింది. రెవ్‌పార్, అంటే నిండినా ఖాళీ అయినా ఒక్కో రూముకి సగటున వచ్చే రాబడి (రేటుని ఆక్యుపెన్సీతో గుణిస్తే వచ్చేది), 990 నుంచి 1020 అయింది, బాబాయ్ అయితే ఫుల్ ఖుషీ.

కానీ ఇక్కడ ఒకన్న చెప్పినట్టు ఖర్చు తీసేసి చూస్తే సీన్ వేరే. రూము ఇచ్చిన ప్రతిసారీ లాండ్రీ, కరెంటు, సబ్బులు, టిఫిన్ అన్నీ కలిపి 350 పోతోంది, అంటే ఖాళీవి కూడా కలిపి ఒక్కో రూముకి సగటున మిగిలేది ముందు 797, 1500 చేశాక 782. రూములు శుభ్రం చేసే ఆడవాళ్లకి పని పెరిగింది, డబ్బు తగ్గింది 😅 1500కి పాత లాభం రావాలంటే దాదాపు 70 శాతం నిండాలి, అదీ ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌ల కమిషన్ లెక్కేయకుండానే.

ఇంకోటి, పోయినేడు ఇదే తారీకుతో పోల్చడం మానేశాం. బ్రహ్మోత్సవాలు తిథి ప్రకారం జరుగుతాయి, 2023లో అధికమాసం వల్ల రెండుసార్లొచ్చాయి, అలాంటి వారాలు కలిపి యావరేజ్ తీస్తే అంతా తప్పుడు లెక్కే. పండగలు, ముహూర్తాలు పక్కన పెట్టి మామూలు మంగళవారాన్ని మామూలు మంగళవారంతోనే చూస్తున్నాం.

జీఎస్టీ అడిగినవాళ్లకి: 7500 లోపు రూముకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, కాకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన ట్యాక్స్‌ని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) లేదు, కొత్త ఏసీల మీద కట్టిన ట్యాక్స్ ఇక మన ఖర్చే.

ప్రస్తుతానికి రేటు మళ్లీ 1800, రెండు రాత్రులుండి డైరెక్ట్‌గా ఫోన్ చేసి బుక్ చేసుకున్నోళ్లకి మాత్రం 1650. బాబాయ్ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.