వానలు లెక్క తప్పాయి, వరిలో ముందు ఏం మార్చాలి?

అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. వానలు లేటుగా మొదలవుతున్నాయి, మధ్యలో వారాల తరబడి చుక్క ఉండదు, తీరా కోత టైంకి ఒకేసారి కుమ్మేస్తోంది, పాత లెక్క ప్రకారం నారు పోస్తే నాట్లు పడేలోపే ముదిరిపోతోంది. అందుకే నారు పోయకుండా విత్తనాలు నేరుగా పొలంలో వెదజల్లే పద్ధతికి మారదామనుకుంటున్నా, కానీ కలుపు తలుచుకుంటేనే భయం, మీరు ఎలా కంట్రోల్ చేస్తున్నారు?

ఇంకోటి, తడి-పొడి పద్ధతి. చిల్లుల పైపు పాతి నీళ్ళు నేల కింద 15 సెంటీమీటర్లకి దిగాకే మళ్ళీ తడి ఇవ్వాలంట, పూత టైంలో మాత్రం నీళ్ళు నిలవాలంట. నీళ్ళు మిగులుతాయి, పొలం నుంచి వచ్చే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది, అంతా బానే ఉంది గానీ ఇసుక నేలలో పనిచేస్తుందా?

పూతలో ఎండ 35 డిగ్రీలు దాటితే తాలు గింజలు ఎక్కువవుతున్నాయి, దీనికి విత్తే తేదీ జరపాలా, తక్కువ రోజుల రకం వేయాలా? సబ్1 జీన్ ఉన్న రకాలు రెండు వారాల దాకా మునక తట్టుకుంటాయి నిజమే, కానీ అది పైరు ఎదిగేటప్పుడే కదా, కంకి దశలో వానకి పైరు పడిపోతే ఏం లాభం.

సగం పొలంలో జొన్న వేసి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?