దేశం తీరు నచ్చక కెనడా వెళ్లిపోవడం సబబేనా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాస్త కొబ్బరి తోట. డబ్బుకి ఇబ్బంది లేదు, మనసే నిలవట్లేదు. 2022 మేలో జిల్లా పేరు మార్పు గొడవలో మా టౌన్లో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి నెట్ లేదు. లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయేవాళ్లం. అప్పట్నుంచి ఎవరు గెలిచినా ఇదే తంతు అనిపిస్తోంది. ఓటుకి నోటు పంచినవాళ్లే నీతులు చెబుతారు. కవరు అందలేదని అలిగినవాళ్లూ మా వీధిలో ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

కెనడా వలస దరఖాస్తుల పద్ధతైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టాను. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. వాళ్ల పాస్‌పోర్టు తీసుకుంటే మన పౌరసత్వం, ఓటు పోతాయి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో కొత్తగా సాగుభూమీ కొనలేం.

"అక్కడ మాత్రం రాజకీయాలు లేవా?" అంటుంది మా ఆవిడ. అమ్మ ఏమీ అనదు గానీ, ఈమధ్య కొబ్బరికాయల దింపు కూలీల లెక్క నన్నే చూడమంటోంది.

ఇదే కారణంతో వెళ్లినవాళ్లు చెప్పండి. అక్కడైనా మనసు కుదుటపడిందా, రోజూ ఇక్కడి వార్తలే చూస్తున్నారా? పీఆర్‌తో ఆగిపోయినవాళ్లు ఓటేయడానికి నిజంగా ఊరొస్తున్నారా?