డిస్క్ వాడకం 100 శాతం: కంప్యూటర్ కదలడం లేదు

ప్రశ్న:
నా డెస్క్‌టాప్‌లో విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఆన్ చేశాక పావుగంట వరకు ఏది క్లిక్ చేసినా స్పందన ఉండదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పది శాతం కూడా దాటడం లేదు గానీ, డిస్క్ మాత్రం 100 దగ్గరే నిలిచిపోతోంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా?

జవాబు 1:
తొందరపడకండి. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్‌కు తీరిక లేదంటే, ప్రాసెసర్ డేటా కోసం ఎదురుచూస్తోందని అర్థం. హార్డ్ డిస్క్‌లో రీడ్ హెడ్ ఒక చోటి నుంచి మరో చోటికి జరగాలి కాబట్టి, చిన్న చిన్న ఫైళ్లను వందలకొద్దీ ఒకేసారి అడిగితే దానికి ఊపిరాడదు. పైగా ర్యామ్ నిండుతున్నకొద్దీ విండోస్ కొంత భారాన్ని పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే ఫైల్) రూపంలో అదే డిస్క్ మీదికి నెడుతుంది. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేని ప్రోగ్రాములను డిసేబుల్ చేయండి. విండోస్ సెట్టింగుల జాబితాను శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాటివల్ల వేగం పెరగగా నేను చూడలేదు.

జవాబు 2:
అన్నింటికంటే ముందు బ్యాకప్ తీసుకోండి. ఆ తరువాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్’ (డిస్క్ సరిగా చదవలేకపోతున్న సెక్టార్ల, అంటే చిన్న భాగాల, లెక్క) విలువ సున్నాయేనా అని చూడండి. (అక్కడి అంకెలు హెక్సాడెసిమల్‌లో, అంటే A నుంచి F వరకు అక్షరాలు కూడా కలిసే పద్ధతిలో ఉంటాయి, కంగారుపడవద్దు.)

ప్రశ్న అడిగినవారు:
8 అని చూపిస్తోంది. ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని, వేగంగా పనిచేసే డ్రైవ్) కొని, పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా దాంట్లోకి క్లోన్ చేయవచ్చా?

జవాబు 2:
చదవలేని సెక్టార్ల దగ్గర క్లోనింగ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఎస్‌ఎస్‌డీలో విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు.