లైడార్‌లో కనిపించిన పొర ధూళియా, మేఘమా: ఏ ఆధారంతో తేలుస్తారు?

ప్రశ్న (భౌతికశాస్త్ర విద్యార్థిని):

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం, తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల లైడార్ (లేజర్ కాంతితో గాలిలోని పొరలను గమనించే పరికరం) పరిశీలనలపై వచ్చిన పత్రాలు చదువుతున్నాను. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కాంతిని నిట్టనిలువుగా పైకి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తును లెక్కకట్టడం వరకు అర్థమైంది. అయితే మూడు కిలోమీటర్ల దగ్గర ఒక పొర, పదిహేను కిలోమీటర్ల దగ్గర మరో పొర కనిపిస్తే, మొదటిది ధూళి అనీ రెండోది సిరస్ మేఘమనీ (ఎత్తున ఉండే పలుచని మంచు మేఘం) ఎలా చెబుతున్నారు? ఎత్తును చూసి ఊహించడమేనా? అలాగే చాలా పత్రాలలో లైడార్ నిష్పత్తికి (దారిలో తరిగిపోయిన కాంతికీ వెనక్కి చెదరిన కాంతికీ ఉన్న నిష్పత్తికి) ముందే ఒక విలువ పెట్టుకుని లెక్క మొదలుపెడుతున్నారు. అలాంటప్పుడు ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు 1 (రాత్రి పరిశీలకుడు):

ఎత్తు సాయపడుతుంది గాని, ముఖ్యమైన ఆధారం ధ్రువణం. లేజర్ కాంతి ఒకే తలంలో కంపిస్తూ బయలుదేరుతుంది. గుండ్రని నీటి బిందువుకు తగిలి నేరుగా వెనక్కి వచ్చిన కాంతి అదే తలంలో ఉంటుంది; కోణాలు తేలిన మంచు స్ఫటికానికో ఎడారి ధూళి రేణువుకో తగిలితే అందులో కొంత భాగం లంబ తలంలోకి మారుతుంది. దూరదర్శినిలో చేరిన కాంతిని ఈ రెండు భాగాలుగా విడదీసి కొలిచి, వాటి నిష్పత్తి చూస్తారు. నీటి బిందువులకు అది సున్నాకు దగ్గరగా, ఎడారి ధూళికి 0.3 దరిదాపుల్లో, సిరస్‌కు సాధారణంగా 0.3 నుంచి 0.5 వరకు ఉంటుంది. ధూళికీ సిరస్‌కూ విలువలు కలిసిపోయే చోట ఉష్ణోగ్రతను, పొర అంచులు ఎంత తీక్షణంగా ఉన్నాయన్న దాన్ని కూడా చూడవలసిందే. పదిహేను కిలోమీటర్ల ఎత్తున మన ప్రాంతంలో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 70 డిగ్రీలు కాబట్టి అక్కడి మేఘంలో ద్రవరూపంలో నీరు ఉండే అవకాశం లేదు.

జవాబు 2 (ఉపగ్రహ దత్తాంశాలపై పనిచేస్తున్న వ్యక్తి):

పై జవాబుకు ఒక హెచ్చరిక చేర్చాలి. పలకల వంటి మంచు స్ఫటికాలు గాలిలో అడ్డంగా పరుచుకుని తేలుతున్నప్పుడు అద్దంలా కాంతిని నేరుగా తిప్పి పంపుతాయి. అప్పుడు ధ్రువణం చెదరదు, మంచు మేఘం నీటి మేఘంలా కనబడుతుంది. 2006 ఏప్రిల్‌లో ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహానికి ఈ ఇబ్బంది ఎదురైనందువల్లనే, 2007 నవంబరులో దాని లైడార్‌ను నిలువు నుంచి 0.3 డిగ్రీలకు బదులు 3 డిగ్రీలు పక్కకు వంచారు. దట్టమైన నీటి మేఘంలో కాంతి బిందువు నుంచి బిందువుకు పలుమార్లు చెదరి, ధ్రువణం మారినట్టు చూపడం దీనికి వ్యతిరేకమైన చిక్కు.

మీ రెండో ప్రశ్న మరింత విలువైనది. సాధారణ లైడార్‌లో ప్రతి ఎత్తు దగ్గరా తెలియనివి రెండు: వెనక్కి చెదరిన కాంతి ఎంత, దారిలో తరిగిపోయిన కాంతి ఎంత. కొలత మాత్రం ఒక్కటే. ఈ రెండింటినీ కలిపే లైడార్ నిష్పత్తిని అనుకుంటే తప్ప 1981 నాటి క్లెట్ పద్ధతి గాని, 1984 నాటి ఫెర్నాల్డ్ పద్ధతి గాని ముందుకు సాగదు. సముద్రపు ఉప్పు కణాలకు ఆ విలువ 20 నుంచి 25 స్టెరేడియన్లు, పొగకు 60 నుంచి 70 వరకు ఉండవచ్చు. పలుచని పొగ పొరను ఉప్పు కణాలని పొరబడితే, తరుగుదల లెక్క మూడో వంతుకు పడిపోతుంది.

అందుకే వీలున్నచోట ఊహను కొలతతో బిగిస్తారు. పగటిపూట సూర్యకాంతిమాపకం ఇచ్చిన మొత్తం కాంతి తరుగుదలకు లెక్క సరిపోయేలా నిష్పత్తిని సర్దడం ఒక మార్గం. నైట్రోజన్ అణువులు 607 నానోమీటర్ల దగ్గర వెనక్కి పంపే, తరంగదైర్ఘ్యం మారిన రామన్ కాంతిని కొలవడం మరొకటి. ఆ కాంతి ధూళి నుంచి రాదు కాబట్టి తరుగుదల నేరుగా తెలుస్తుంది. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహ లైడార్ 355 నానోమీటర్ల దగ్గర అణువుల కాంతిని, కణాల కాంతిని విడదీసి చూస్తుంది.

విద్యార్థిని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. చిత్రంలో నేలకు దగ్గరి భాగం ఖాళీగా ఉంటోంది. అక్కడ ధూళి లేదని అర్థమా?

జవాబు 1 (రాత్రి పరిశీలకుడు):

కాదండీ, నిజానికి ధూళి ఎక్కువగా ఉండేది అక్కడే. లేజర్ పుంజం, దూరదర్శిని చూపు ఒకదానిపై ఒకటి పూర్తిగా కలిసే ఎత్తు వరకు కొలత నమ్మదగినది కాదు కనుక దాన్ని తొలగిస్తారు. దట్టమైన మేఘానికి పైన ఖాళీగా కనిపించినా అంతే; కాంతి అక్కడిదాకా వెళ్లలేదు. మీ ప్రాజెక్టులో నెలవారీ సగటులు తీస్తుంటే, ఏ నెలలో ఎన్ని రాత్రుల పరిశీలనలు ఉన్నాయో పక్కనే తప్పక రాయండి. వాన రాత్రుల్లో ఈ లైడార్లను నడపరు కాబట్టి ఋతుపవన కాలపు సగటు, ఆకాశం తెరిపి ఇచ్చిన కొద్ది రాత్రులదే అవుతుంది.