పెంతెకొస్తు పండుగ గురించి చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. సండే స్కూల్లో 6 నుంచి 9 ఏళ్ల పిల్లలకు పెంతెకొస్తు గురించి చెప్పాలి. క్రిస్మస్ అంటే పశువుల తొట్టి, ఈస్టర్ అంటే ఖాళీ సమాధి, ఇట్టే పట్టేస్తారు. పెంతెకొస్తు అంటే యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు, అక్కడే చిక్కు.

బైబిల్లో ఆ సంగతి ఉన్న అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చదివి వినిపిస్తే ఒక పాప, "తలమీద మంటలొస్తే జుట్టు కాలలేదా?" అని అడిగింది. నిజం మంటలు కావమ్మా, అగ్నిలా కనిపించాయి అన్నాను. దాంతో ఇంకో పది ప్రశ్నలు! ఈస్టర్ నుంచి 50వ రోజు అనే లెక్క, అంతకుముందే యూదులకు అది కోతల పండుగ అన్న సంగతి ఈ వయసుకి బరువేమో.

నాకైతే ఆ రోజు వచ్చిన గాలి శబ్దం కంటే, శిష్యుల మాటల్ని వేర్వేరు దేశాలవాళ్లు ఎవరి భాషలో వాళ్లు వినడమే అసలు విషయం అనిపిస్తుంది. అందుకే పిల్లలచేత ఒకే వాక్యం నాలుగైదు భాషల్లో చెప్పిద్దామనుకుంటున్నా.

కానీ యేసు ఎవరో తెలియదని బొంకిన శిష్యుడు పేతురు అంతమంది ముందు లేచి మాట్లాడటం, ఆ రోజే ఇంచుమించు 3000 మంది బాప్తిస్మం పొందడం ఉన్నాయి కదా. ఆ ధైర్యం పరిశుద్ధాత్మ ఇచ్చిందేనని వీళ్లకి అర్థమయ్యేలా ఎలా చెప్తారు? పావురం బొమ్మ వాడొచ్చా, లేక పరిశుద్ధాత్మ పావురంలా దిగివచ్చిన యేసు బాప్తిస్మం కథతో కలిపేసుకుంటారా? పిల్లలకు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త రాయండి.