అప్‌డేట్: పలక మీది "అమమ్మ" చేతిరుమాలు మీదికి చేరింది

మా అయిదేళ్ల అమ్మాయి పలక మీద, ఒక ఒత్తు మరచి, "అమమ్మ" అని రాసిన మాటను వంకరలు పోకుండా వాళ్ల అమ్మమ్మ కోసం చేతిరుమాలు మీద ఎలా కుట్టాలని గత నెలలో అడిగాను. మీరు చెప్పినట్లే పలకను సరిగ్గా పైనుంచి ఫొటో తీసి, అసలు కొలతకే ప్రింట్ తీయించి, ఆ కాగితాన్నీ దాని మీద తెల్లని నూలు గుడ్డనూ కిటికీ అద్దానికి అంటించి, నీటితో పోయే పెన్నుతో గీసుకున్నాను. గుడ్డను ముందే ఉతికాను. కుట్టిన తరువాత కుంచించుకుపోతే అక్షరాల చుట్టూ ముడతలు పడతాయి.

మొదట వేసిన గొలుసు కుట్టుకు 'మ'లోని చిన్న మలుపులు పూడుకుపోయాయి. అదంతా ఓపికగా విప్పి, ఆరు పోగుల దారంలో రెండు పోగులే తీసుకుని కాడ కుట్టు వేశాను. మలుపుల దగ్గర కుట్టు పొడవును సగానికి తగ్గించాక వంపు నున్నగా వచ్చింది. చివరి అక్షరం తలకట్టు అక్షరాన్ని తాకకుండా పిట్టలా పైకి ఎగిరిపోయి ఉంటుంది. దాన్ని కిందికి దించి కలపమని మా అత్తగారు అన్నారు గానీ, నాకు మనసొప్పలేదు.

ఇస్త్రీకి ముందు చన్నీళ్లలో జాడించి గీతలు పూర్తిగా పోగొట్టండి, వేడి తగిలితే అవి మరకగా నిలిచిపోవచ్చు.

రుమాలు అందుకున్న మా అమ్మ, ఒత్తు లేని చోట చాలాసేపు వేలితో తడిమింది. పాప ఇప్పుడు ఆ ఒత్తు మరవకుండా రాస్తోంది.