లెక్కలు ముందే చేసేసిన పిల్లలకు ఏం పని చెప్పాలి?

ప్రశ్న (4వ తరగతి టీచర్): మాది ఇద్దరు టీచర్ల బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా దగ్గరే. బోర్డు మీద పది తీసివేతలు రాస్తే నలుగురైదుగురు చకచకా చేసేసి "అయిపోయాయ్ మేడం" అంటూ మీదికొచ్చేస్తారు. మిగతావాళ్లు మూడో లెక్క దగ్గరే అప్పు తెచ్చుకుంటూ ఉంటారు. ఇంకో పది ఇస్తే మొహాలు ముడుచుకుంటున్నారు. ఒకడైతే కావాలనే మెల్లగా చేస్తున్నాడని అనుమానం. ఏం చేయమంటారు?

జవాబు (ఎస్జీటీ): రానివాళ్ల పక్కన కూర్చోబెట్టి చెప్పించండి మేడం. నేనదే చేస్తా.

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం): అప్పుడప్పుడైతే సరే సార్, రోజూ కాదు. ఆ వయసు పిల్లలు చెప్పడం తక్కువ, నోట్‌బుక్కు తిప్పి చూపించడం ఎక్కువ.

మేడం గారూ, ఆ పిల్లాడి తప్పేం లేదు. త్వరగా చేస్తే ఇంకో పది మీద పడతాయని తెలిశాక ఎవడు త్వరపడతాడు? ముందు ఆ పదీ తగ్గించండి. 502 - 178 లాంటివి, మధ్యలో సున్నా ఉన్నవి రెండు ముందుగా చేయమనండి. తప్పు లేకుండా వస్తే మిగతా ఎనిమిదీ మాఫీ. హడావుడిలో తప్పులు చేసేవాళ్లూ అక్కడే దొరికిపోతారు.

మిగిలిన టైముకి ఇది ఇవ్వండి. ఏదైనా మూడంకెల సంఖ్య, ఉదాహరణకు 352. అంకెల్ని మార్చి పెద్ద సంఖ్య, చిన్న సంఖ్య రాసి తీసేయాలి: 532 - 235 = 297. మళ్లీ అలాగే: 972 - 279 = 693. తర్వాత 594, ఆపైన 495. ఇక ఎన్నిసార్లు చేసినా 495 దగ్గరే తిరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పేయకండి, వాళ్లనే కనిపెట్టనివ్వండి. ఐదో తరగతికి నాలుగంకెలతో చేయిస్తే 6174 దగ్గర ఆగుతుంది. దాన్ని 1949లో కనిపెట్టిన కాప్రేకర్ నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులే. మనవాడేనండీ!

మీకింకో సుఖం. మూడంకెల ఆటలో వచ్చే ప్రతి జవాబుకీ మధ్య అంకె 9, చివరి రెండు వైపుల అంకెలు కలిపితే 9. అలా రాకపోతే లెక్క తప్పినట్టే. పిల్లలే దిద్దుకుంటారు, మీరు మూడో తరగతి వైపు తిరగొచ్చు.

ప్రశ్న (4వ తరగతి టీచర్): ఈరోజు చేయించాను సార్, బెల్లు కొట్టినా లేవలేదు! కానీ ఒకమ్మాయి 211 తీసుకుంటే 99 వచ్చి, మళ్లీ 99 - 99 సున్నా అయిపోయింది. 444 తీసుకున్న పిల్లాడికీ సున్నానే.

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం): 99ని 099 అని రాయించండి, సున్నా కూడా ఒక అంకే. 990 - 099 = 891, అక్కడినుంచి దారిలో పడుతుంది. 444 మాత్రం రాదు, మూడూ ఒకటే అంకె కదా. ఇంకే సంఖ్యలు ఇలా మొరాయిస్తాయో వెతకమనండి, రేపటి పని అదే.

జవాబు (ఎస్జీటీ): బాగుంది సార్. మూడో తరగతికి ఇలాంటిదేదైనా?

జవాబు (రిటైర్డ్ హెచ్‌ఎం): వంద నోటుకి పది, ఇరవై, యాభై నోట్లతో ఎన్ని రకాలుగా చిల్లర ఇవ్వొచ్చో రాయమనండి. మొత్తం పది రకాలు. ఆరేడు దగ్గర ఆగి "అయిపోయింది" అంటారు. "ఇంకా ఉన్నాయి" అని మాత్రం చెప్పి వదిలేయండి.